కొసరు లేని పెట్టె

ఎంటర్ నొక్కేసింది. నొక్కింది తన వేలేనా అని ఒకసారి చూసుకుంది విజయ. తనదే, గోరు పక్కన తోలు లేచి ఎర్రగా కందిపోయిన వేలు, పొద్దుటినుంచీ పళ్ళతో కొరికి కొరికి తనే చేసుకున్న పుండు. నిజంగానే ఆపి మళ్ళీ మొదలుపెట్టమంటావా అని ఆ పెట్టె ఒక మాట అడిగింది కూడాను, అడిగినప్పుడైనా వెనక్కి తగ్గొచ్చు, తగ్గలేదు, అవునంది, నొక్కేసింది, అంతే, ఇనుప చట్రంలో నడుమెత్తున కూర్చుని ఇన్నేళ్ళుగా గుయ్యిమంటున్న పాత రూటరు గప్‌చుప్ అయిపోయింది. ఆ చప్పుడు ఇన్నాళ్ళూ చెవిలోనే ఉందని, ఉన్నట్టు తెలియనంతగా ఉందని, పోయాక తెలిసింది. గదిలో ఇక మిగిలింది పెరట్లోంచి వచ్చే జనరేటరు మోత, కిటికీ అద్దాన్ని అప్పుడప్పుడూ విసురుగా కొట్టి పోతున్న వాన, కింద మెట్ల మీద జనం. ఆ జనం ఇంకా మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. ఫోన్లలో బొమ్మలు బిగుసుకుపోయిన సంగతి ఇంకా గమనించుకోలేదు. ఇదిగో ఇప్పుడు ఒకళ్ళు అంటారు, పక్కవాళ్ళు అవునంటారు, తర్వాత అందరూ కలిసి మెట్లెక్కి వస్తారు. రానీ. వచ్చేలోపల ఇది లేస్తే చాలు, లేవకపోతే వాళ్ళకి ఏం చెప్పాలో ఆమెకి తోచలేదు.

తుఫాను తీరం దాటి వెళ్ళిపోయిందని అందరూ అంటున్నారు, దాటి ఎక్కడికి వెళ్ళిందో ఏమో గాని పోతూ పోతూ కరెంటు స్తంభాలన్నీ పడుకోబెట్టింది, బ్యాటరీలు అయిపోయి సెల్ టవర్లు ఒక్కొక్కటే మూగబోయాయి, అమలాపురం మొత్తం మీద గడియార స్తంభం దగ్గర మిఠాయి కొట్టు మేడ మీద విజయ పనిచేసే ఈ పోలిరాజు గారి ఇంటర్నెట్ ఆఫీసు ఒక్కటే సొంత జనరేటరు, భూమిలోంచి పోయే సొంత తీగ పుణ్యమా అని బతికుంది. అందుకని నిన్నటినుంచీ ఊళ్ళకి ఊళ్ళు ఇక్కడే ఉన్నాయి. తడిసిన గొడుగులు పట్టుకుని, ఛార్జర్లు పట్టుకుని వచ్చి, మెట్ల మీద కూర్చుని, కువైట్‌కీ మస్కట్‌కీ దుబాయ్‌కీ మేం బాగానే ఉన్నాం, రేకులు లేచిపోయేయి గాని మేం బాగానే ఉన్నాం అని గొంతు చించుకుని చెప్పుకుంటున్నారు. వాళ్ళందరికీ అన్నీ తెరుచుకున్నాయి. పాటలొచ్చాయి, వార్తలొచ్చాయి, విరిగిన కొబ్బరి మొవ్వుల ఫొటోలు దేశాలు తిరిగి వచ్చాయి. తెరుచుకోనిది ఒక్కటే పేజీ, గల్ఫులో ఆమె మొగుడు గోపీ పడుకుని ఉన్న ఆస్పత్రి వాళ్ళ పేజీ. ఐసీయూలో ఉన్న మనిషిని ఇంటివాళ్ళు చూసుకోవడానికి సాయంత్రం పూట కాసేపు తెరుస్తారు, మంచం పక్కన సిస్టరు టాబ్ పట్టుకుంటుంది, ఇటునుంచి పిలవాలి, పిలిచినా పలకడు. గోపీకృష్ణ అని పూర్తి పేరు పెట్టి పిలిచినా పలకడు. పరంజా మీంచి తల నేలకి తగిలేలా పడ్డ మనిషి, పడిన దగ్గర్నుంచీ మత్తులోనే ఉంచేశారు. నిన్న ఆ సిస్టరు, కరుణ అని, రాజోలు అమ్మాయే, ఆ పరాయి దేశంలో మన యాస వినపడేసరికి విజయకి ప్రాణం లేచొచ్చింది, ఆ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. "రేపు మత్తు తగ్గిస్తారండి. కళ్ళు తెరుస్తారేమో చూడాలండి. కొందరు తెరుస్తారు, కొందరు... రేపు మాత్రం తప్పకుండా రండమ్మా." ఆ రేపు ఇవాళే. ఇవాళ ఆ పేజీ తెల్లగా అలాగే ఉండిపోయింది.

అన్నీ తెరుచుకుని అదొక్కటే తెరుచుకోకపోతే మనిషి ఏమనుకోవాలి. అక్కడ చూపించడానికి మనిషే లేకపోతే పేజీ ఎందుకు, మూసేసి ఉంటారు. మంచం ఖాళీ చేసి దుప్పటి మార్చి ఉంటారు. ఆ మాట ఇంకా లోపల పూర్తికాకముందే కుర్చీ పట్టుకుని కూర్చుంది. వెంకటసాయికి, అక్కడ గోపీతో ఒకే గదిలో ఉండే కుర్రాడికి, మెసేజ్ పెట్టింది, ఒక్కటే గీత పడింది, రెండో గీత పడలేదు, ఆ సైటులో గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారు, డ్యూటీ దిగేదాకా ఇవ్వరు. డ్యూటీ ఎప్పుడు దిగుతాడు? పొద్దు వాలాక, మనకి ఇంకా ఆలస్యంగా. అప్పటిదాకా ఈ తెల్లటి పేజీ ముందు కూర్చోవాలి. కూర్చోలేకపోయింది. చేతులు ఊరుకోక, చేతికొచ్చిన పని అదొక్కటే కనక, లోపలికి వెళ్ళి రూటరుని అడిగింది, ఈ ఆస్పత్రికి దారి ఏదని. దారి లేదంది పెట్టె. ఇంటర్నెట్లో ఉన్న ఊరికి దారి లేకపోవడమేమిటి? తవ్వి చూస్తే, చెత్తాచెదారం వార్నింగుల మధ్య, నాలుగు రోజులుగా అదే లైను మళ్ళీ మళ్ళీ పడుతోంది, చోటు నిండిపోయింది, చోటు నిండిపోయింది అని. తుఫాను హడావుడిలో అది ఎవరు చూశారు.

ఆ పెట్టె పని చూడబోతే చిన్నది. లోకంలో ఏ నెట్‌వర్కుకి ఏ వైపు నుంచి వెళ్ళాలో జ్ఞాపకం పెట్టుకోవాలి, అంతే. పక్కనున్న పెద్ద రూటర్లు, విజయవాడలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి, ఫలానా వాళ్ళకి నా మీదుగా పో, ఫలానా వాళ్ళకి నా మీదుగా పో అని చెబుతూనే ఉంటాయి, ఇది ఒక్కొక్కటీ రాసుకుంటూ ఉంటుంది. ఏటికేడాదీ ఆ దారులు పెరుగుతున్నాయి. పది లక్షలకి వచ్చేశాయని ఆమె ఎప్పుడో చదివింది, చదివి ధీమాగా ఊరుకుంది. హైదరాబాద్‌లో ఈ పెట్టెని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు ఆ అమ్మినవాడు పది లక్షలు పడతాయమ్మా అన్నాడు. పది లక్షలంటే పది లక్షలూ, పైన ఇంకాసినీ అనుకుంది ఆమె. అంబాజీపేటలో పుట్టిన మనిషి ఇంకెలా అనుకుంటుంది? వాళ్ళ నాన్న గంగయ్య కొబ్బరి రాశి ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతుల్తో కాయలు తోస్తూ, ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, రెండు, మూడు అని పాటలాగ లెక్కపెట్టి, వంద కాగానే కొసరు అని ఇన్ని కాయలు పక్కకి తోసేవాడు, లారీ వాడు అడగక్కర్లేదు, అది మర్యాద. వందంటే సరిగ్గా వందే ఇచ్చినవాడిని ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ పలకరించేవారు కాదు. ఆ లెక్కలో పెరిగి, ఇంజనీరింగు చదివి, ఇనప పెట్టె కూడా అంబాజీపేట వర్తకుడే అనుకుంది, పిచ్చి మొహం. దానికి కొసరు లేదు సరికదా తరుగు ఉంది. కొత్త రకం చిరునామాలున్నాయి, పొడుగాటివి, అవి ఒక్కొక్కటి రెండేసి చోట్లు తింటాయి. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది, పుస్తకంలో చదివింది మార్కులకే మిగిలింది, మనసు మాత్రం నాన్న లెక్కే వేసుకుంది. నిండాక వచ్చిన వాళ్ళకి చోటు లేదు. ఆస్పత్రి వాళ్ళు నిన్న రాత్రో ఇవాళ పొద్దున్నో ఏదో లైను మార్చుకుని ఉంటారు, లేచి మళ్ళీ కూర్చోబోయేసరికి ఆ పీట మీద ఇంకొకడు కూర్చుండిపోయాడు.

ఒకసారి నిండిందంటే ఆ జాతి పెట్టె ఇక ఎవరేం చెప్పినా చెవిని పెట్టదు. కాసిని తీసేసి చోటు చేస్తానన్నా వినదు. ఆపి మళ్ళీ మొదలుపెట్టడం ఒక్కటే మందు, ఆపితే ఇన్నేళ్ళ జ్ఞాపకమూ ఒక్కదెబ్బతో తుడిచిపెట్టుకుపోతుంది, లేచాక తనెవరో తెలుస్తుంది గాని లోకంలో ఎవరెవరున్నారో తెలియదు, పక్కవాళ్ళు మొదటినుంచీ చెబితే నేర్చుకోవాలి. లేచినప్పుడు అంతా నేర్చుకోనక్కర్లేకుండా ఆమె ఒక మాట రాసిపెట్టింది, చిన్నా చితకా దారులు నువ్వు మొయ్యొద్దు, తెలియనిదంతా విజయవాడ వాడి చేతిలో పెట్టెయ్, వాడే చూసుకుంటాడు అని. ఆ మాట మొదట్లోనే రాసి ఉండాల్సింది. పోలిరాజు గారు అప్పట్లో అలాగే నడిపేవారు, ఆమే వచ్చి, లేదండి, ప్రతి దారీ మనకే తెలియాలండి అని పట్టుబట్టింది. చేత్తో తాకని కాయని లెక్కలో వెయ్యకూడదనే ఇంట్లో పెరిగింది మరి.

ఇవన్నీ పోలిరాజు గారికి చెప్పింది. ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో, జనరేటరుకి డీజిలు పోయించి అప్పుడే పైకి వచ్చారు.

"అమ్మా విజయా, నడుస్తున్నదాన్ని ఇప్పుడు కదపడం అవసరమంటావా?" అన్నారు. "అది ముసలిది. కరెంటు పోయినప్పుడల్లా ఇది ఆగితే మళ్ళీ లేస్తుందో లేదోనని నాకు హడలు. కింద జనాన్ని చూసేవు కదా."

"నిండిపోయిందండి. ఇవాళ ఒక ఊరు పోయింది, రేపు ఇంకోటి పోతుంది. ఎవరిది పోతుందో మనకి తెలీదండి."

ఆయన ఆమె మొహం వైపు చూశారు. "గోపీ కోసమేనా?"

అబద్ధం ఆడదామనుకుంది, నోరు రాలేదు. "ఆయ్," అంది. ఆయన తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, నేను కింద ఉంటాను, వాళ్ళకి సర్దిచెబుతాను, కానివ్వు అని దిగిపోయారు. గోపీ ఆయన దగ్గర స్తంభాలెక్కిన కుర్రాడే. ఆయనే పెళ్ళి పెద్ద.

తెర మీద ఒక లైను పడింది. లేస్తోంది. లేవడమంటే ఇది మనిషి లేవడం కాదు, కళ్ళు నులుముకుని మంచం దిగడం కాదు, తన జ్ఞాపకాన్ని తనే తడిమి చూసుకుంటుంది ముందు, ఈ గది బాగుందా, ఈ గది బాగుందా అని ఒక్కో చిప్పునీ పరీక్ష చేసుకుంటుంది, ఒక్కో పరీక్షకీ ఒక్కో చుక్క పడుతుంది. చుక్క. ఆగింది. చుక్క. ఆస్పత్రి డాక్టరు కూడా మొదటి రోజు అదే చేశాడట, కంట్లో లైటు వేసి, అరికాలు గీకి, చేతిమీద గిల్లి, ఇక్కడ పలుకుతున్నాడా, ఇక్కడ పలుకుతున్నాడా అని. పలికాడట కొంచెం. బొటనవేలు కదిపాడట. గోపీ కాళ్ళు, స్తంభం చుట్టూ మెలేసుకుని ఎక్కే కాళ్ళు, కొత్తపేట అవతల తోటల్లో చిన్నప్పటినుంచీ చెట్లెక్కిన కాళ్ళు. బెల్టు పెట్టుకోవయ్యా అంటే నడుము మీద బెల్టు ఉంటే నా కాళ్ళకి నామోషీ అనేవాడు. మొదటిసారి ఆమె అతన్ని చూసింది కూడా కింది నుంచే, తల పూర్తిగా వెనక్కి వాల్చి, ఎండ కళ్ళల్లో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ తీగ కాదండి ఆ పక్కది అని అరుస్తూ. ఏ తీగో సరిగ్గా చెప్పండి మేడమ్, పైన ఉన్నది నేను అన్నాడు. ఆ మేడమ్ పెళ్ళయిన మర్నాడే విజ్జీ అయిపోయింది, ఒసేయ్ విజ్జీ, నా చొక్కా ఏదే, ఒసేయ్ విజ్జీ, ఇటు చూడవే, అక్కడ నలుగురి మధ్యనా ఫోన్లో కూడా అదే పిలుపు, సిగ్గు లేదా అంటే ఇక్కడ నలుగురికీ తెలుగు రాదులే అనేవాడు. చుక్క. ఈ చుక్క ఆలస్యంగా పడింది. పడింది కదా, పడింది చాలు.

గోపీ పడిన రోజు పొద్దున్న కూడా ఫోన్ చేశాడు. సైటుకి పోయే బస్సులోంచి, గేటు దగ్గర ఫోను ఇచ్చేసే ముందు, రోజూ చేసినట్టే. ఏదో చెప్పబోయాడు, నీకో సంగతి చెప్పాలే అన్నాడు, నవ్వుతున్నాడు, అప్పుడే ఇక్కడ రాజోలు లైను తెగి అలారం కొట్టింది, ఉండు, లైన్లోనే ఉండు, ఇప్పుడే వస్తా అని ఫోను బల్ల మీద పెట్టింది. ఉంటానులే, ఎక్కడికి పోతాను అన్నాడు. తిరిగి వచ్చేసరికి కట్టయిపోయింది, గేటు వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత ఆ నంబరు నుంచి వచ్చిన ఫోను వెంకటసాయిది. ఆ చెప్పాలనుకున్న సంగతి ఏమిటో ఇప్పుడు ఆ తలలో ఎక్కడ ఉందో, ఉందో లేదో, దానికి దారేదో ఎవరికి తెలుసు. చిన్న సంగతే అయి ఉంటుంది, క్యాంపులో కూర ఎలా వండాడో, ఎవడు ఎవడితో పోట్లాడాడో, అయినా ఆమెకి అదే కావాలి, అది వినకుండా మిగతా బతుకంతా ఎలా గడపాలో ఆలోచిస్తే నోరు పిడచకట్టుకుపోతోంది. మంచినీళ్ళ సీసా ఎక్కడ పెట్టిందో వెతికింది, చేతిలోనే ఉంది.

చుక్కలు ఆగిపోయాయి. ఇదివరకు కూడా ఇలా ఆగేవా? ఎంతసేపు ఆగేవి? గుర్తు లేదు, ఈ పెట్టెని చివరిసారి ఆపింది ఎప్పుడో, ఎవరో. కింద గొంతులు పెరిగాయి. పోయిందండి, నాది కూడా పోయిందండి, ఏవండోయ్ పోలిరాజు గారూ అంటున్నారు, ఆయన ఏదో చెబుతున్నారు, ఆయన గొంతులో తొందర వినపడుతోంది. మెట్ల మీద అడుగులు, నెమ్మదిగా, ఒక్కో మెట్టూ ఎక్కి ఆగి, మళ్ళీ ఎక్కి. గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడింది, నిన్నటినుంచీ చూస్తోంది ఈవిడని, సూరమ్మ గారు, లంకలోంచి పడవ మీద వచ్చింది, చేతిలో పాలిథిన్ సంచీలో చుట్టిన ఫోను.

"తల్లీ, బొమ్మ ఆగిపోయిందమ్మా. మా అబ్బాయి నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయేడు."

"వస్తుందండి. కొంచెం ఆగండి మామ్మగారూ."

"లంకంతా మునిగిందని టీవీలో చూసేడంట, నేను పోయేననుకుని ఏడుస్తున్నాడు. బతికున్నానురా అని ఇప్పుడే చెప్పేను. విన్నాడో లేదో తెలీదమ్మా."

విన్నాడో లేదో తెలియదు. ఆ కుర్రాడు ఇప్పుడు కువైట్లో బిగుసుకుపోయిన తల్లి మొహం చూస్తూ కూర్చుని ఉంటాడు, తను చేసిన పనికి, ఒక్క మంచం కోసం ఇన్ని ఇళ్ళల్లో దీపం ఆర్పేసింది. విన్నాడండి, వినే ఉంటాడండి అంది విజయ. సూరమ్మ ఆ మాట నమ్మినట్టు తల ఊపి, వెళ్ళకుండా అక్కడే గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చుంది. వెళ్ళమనడానికి విజయకి మనసొప్పలేదు, ఒంటరిగా ఉండడానికి ధైర్యమూ చాలలేదు.

చుక్క పడలేదు. అప్పుడొచ్చింది ఆ ఆలోచన, ఎక్కడినుంచి వచ్చిందో, పాడు ఆలోచన. లేవకపోతే బాగుండును. ఈ ముసలి పెట్టె ఇలాగే చచ్చి ఊరుకుంటే బాగుండును. కింద వాళ్ళు తిట్టనీ, పోలిరాజు గారు నెత్తి బాదుకోనీ. ఇంతసేపూ ఆ పేజీ తెరుచుకోకపోవడం పెట్టె తప్పు. చోటు లేదు కనక తెరుచుకోలేదు. పెట్టె తప్పు అయినంతసేపూ గోపీ బతికున్నాడు, మంచం మీద ఉన్నాడు, ఆ పక్కన కరుణ సిస్టరు టాబ్ పట్టుకుని వీళ్ళావిడ ఇవాళ రాలేదేమిటి అనుకుంటోంది. లేచాక? లేచి, దారులన్నీ నేర్చుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాక కూడా ఆ పేజీ తెల్లగానే ఉంటే? అప్పుడు ఏ పెట్టె మీద నెట్టాలి? అప్పుడు అది ఒక్కటే, దుప్పటి మార్చిన మంచం ఒక్కటే. ఇంత చదువుకుని, ఇంత తెగించి, తన చేత్తో తనే ఎంటర్ నొక్కి, ఆ ఒక్క అడ్డం కూడా తీసిపారేసుకుంది. నిండిన పెట్టెతో ఇంకో పూట గడపొచ్చు. ఇంకో రోజు గడపొచ్చు. తెలియకుండా ఎన్నాళ్ళయినా గడపొచ్చు, గడిపేవాళ్ళు లేరా, సముద్రం మీదికి పోయి రానివాళ్ళ ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి వాళ్ళకీ ఒక కంచం పెట్టేవాళ్ళని ఆమె ఎరగదా. ఛీ, ఏమిటిది, ఏం ఆలోచిస్తోంది తను. కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే మంచమే కనిపించింది, తెరిచింది.

"ఏమైందమ్మా?" సూరమ్మ కింది నుంచి అడిగింది.

"ఏం లేదండి."

"మీ ఆయన కూడా అక్కడేనా?"

"ఆయ్."

"దేవుడున్నాడులే," అంది సూరమ్మ, పాలిథిన్ సంచీని చీర చెంగుతో తుడుస్తూ.

చుక్క. తర్వాత ఇంకోటి. తర్వాత బిలబిలమంటూ వరస, ఫాన్లు ఒక్కసారి పెద్దగా అరిచి, దుమ్ము వాసన గుప్పున కొట్టి, తగ్గి, మళ్ళీ ఆ పాత గుయ్యిమనే చప్పుడు. లేచింది. ముసలిది లేచింది. పోలిరాజు గారూ, లేచిందండి అని కేక పెట్టబోయింది, ఈలోపల పెట్టె తన పేరు తను చెప్పుకుంది. దారులెన్ని తెలుసని అడిగితే అసలేం లేవంది, ఖాళీ. ఇన్నేళ్ళు ఊళ్ళన్నీ మోసిన పెట్టెలో ఒక్క ఊరు లేదు. అంతలో విజయవాడ వాడు పలికాడు, నేనున్నాను అని. నువ్వెవరు, నేను ఫలానా, సరే, చెప్పు. మొదటి మాటే ఆమె రాసిపెట్టిన మాట, తెలియనిదంతా నాకివ్వు అని. ఆ తర్వాత పెద్ద పెద్ద దారులు, ఒక్కొక్కటీ, అవతలివాడు చెబుతుంటే ఇది రాసుకుంటోంది, తెర మీద లెక్క కదులుతోంది, పదులు, వందలు, అవతలివాడికి విసుగు లేదు, దీనికి తొందర లేదు. కింద ఒక ఫోను మోగింది. ఇంకోటి మోగింది. హలో, హలో, వినపడతందా, ఆ, ఇప్పుడు వినపడతంది అని ఎవరో. సూరమ్మ చేతిలో సంచీలోంచి అమ్మా, అమ్మా అని ఒక మగగొంతు అరిచింది, ముసలావిడ సంచీ విప్పడం కుదరక సంచీతోనే చెవికి పెట్టుకుని, ఉన్నానురా, ఉన్నాను, ఎక్కడికి పోతానురా అంటూ మెట్లు దిగిపోయింది.

ఎక్కడికి పోతాను. ఆ మాట విని విజయ కుర్చీలోంచి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. ఫోను బల్ల మీద బోర్లా పడి ఉంది. దాన్ని తిప్పడమే ఇంక మిగిలిన పని. దారి ఉందిప్పుడు, పెట్టె చెబుతోంది ఉందని, అడ్డం లేదు, సాకు లేదు. తిప్పాలి. చీర కుచ్చిళ్ళకి అరచెయ్యి తుడుచుకుంది, చెమట ఆగలేదు, మళ్ళీ తుడుచుకుంది. నాన్నయితే లాభం అని మొదలుపెట్టేసేవాడు, చేతిలో ఏ కాయ ఉందో చూడకుండా. ఆమె ఫోను తిప్పింది. పేజీ నొక్కింది. తెలుపు. తెలుపు. గుండ్రంగా తిరిగే ఆ చిన్న గీత. ఆ గీత తిరుగుతున్నంతసేపూ ఆమె ఏ దేవుడికీ మొక్కుకోలేదు, అంత తెలివి అప్పుడు లేదు, ఉండు, లైన్లోనే ఉండు, ఇప్పుడే వస్తా అని ఆ రోజు అన్న మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంది. గీత ఆగింది. ముసుగు వేసుకున్న మొహం, కళ్ళు మాత్రం, కరుణ సిస్టరు.

"వచ్చేరా అమ్మా. ఎంతసేపటినుంచి చూస్తున్నానండి. ఇటువైపు కూడా మధ్యాన్నం దాకా లైను సరిగ్గా లేదండి, ఏదో మార్చేరంట."

విజయ ఆ కళ్ళల్లో ఏముందో చూస్తోంది. ఏడ్చిన కళ్ళా, నిద్రలేని కళ్ళా. ముసుగు వేసుకున్న మనిషి కళ్ళల్లో ఏం తెలుస్తుంది.

"కళ్ళు తెరిచేరండి," అంది కరుణ. "పొద్దున్నే తెరిచేరు. నీళ్ళు అడిగేరు."

బల్ల అంచు పట్టుకుంది విజయ. బతికాడు. బతికే ఉన్నాడు. అమ్మయ్య అని బయటికే అనేసింది. కాని కరుణ టాబ్ తిప్పలేదు. తిప్పడానికి ముందు ఏదో చెప్పాలని చూస్తున్నట్టుంది.

"తలకి దెబ్బ కదండి. డాక్టరు గారు మెల్లిగా సర్దుకుంటుందన్నారండి. మీరేం కంగారుపడకండి. ఆయన్ని కంగారుపెట్టకండి," అని, టాబ్ తిప్పింది.

గోపీయే. చిక్కిపోయాడు, తలకి తెల్లటి కట్టు, గడ్డం మాసింది, దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు తెర మీదికి వచ్చాయి, ఆమె మొహం మీద నిలబడ్డాయి, మర్యాదగా నిలబడ్డాయి, కొత్త ఇంటికి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడినట్టు. ఆమె పిలిచింది, పిలుపు సగమే పైకి వచ్చింది. అతను కొంచెం ముందుకి వంగి, వినయంగా అడిగాడు.

"ఎవరండీ మీరు?"

పెళ్ళయిన మర్నాటి నుంచి ఇవాళ్టిదాకా ఆ నోటివెంట ఆమెకి ఒక్క అండీ రాలేదు. ఒసేయ్ అని పిలిచిన నోరు. ఆ అండీ వచ్చి తగిలిన చోట ఇంతసేపటి భయమంతా ఒక్కసారి గడ్డకట్టి నిలిచింది. అదిగో ఇంతే, అడ్డం తీసేస్తే అవతల ఉన్నది ఇదీ. కింద జనం అరుస్తున్నారు, బాగున్నాం, బాగున్నాం అని, పోలిరాజు గారు మేడ మీదికి వస్తూ శభాషమ్మా అంటున్నారు, గుమ్మం దగ్గరికి వచ్చి ఆమె మొహం చూసి అక్కడే ఆగిపోయారు. కంగారుపెట్టకండి అంది కరుణ. కంగారుపెట్టకూడదు. విజయ ఏడుపు మింగింది. మింగుతూ పక్కకి చూసింది, పక్కన తెర మీద లెక్క ఇంకా కదులుతూనే ఉంది, అవతలివాడు చెబుతున్నాడు, ఇది రాసుకుంటోంది, మొదటినుంచీ.

"నేను విజయనండి," అంది.

అతను వింటున్నాడు.

"మాది అంబాజీపేటండి. గంగయ్య గారమ్మాయిని."

"ఆయ్," అన్నాడు గోపీ, బుద్ధిగా తల ఊపి.

"మీరు స్తంభం మీద ఉండగా నేను కింద నిలబడి, ఆ తీగ కాదండి, ఆ పక్కది అన్నానండి."

అతని కళ్ళు ఎక్కడికో వెళ్ళి, ఏమీ దొరక్క, మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చాయి.

"ఆయ్," అన్నాడు. "చెప్పండి."